నీలం రంగు కార్డు

మన తమిళనాడులో జీ.హెచ్.కి పోతే ముందు కార్డు చూపించమని ఎవరూ నిలదీయరు. చీటీ రాయించుకుని వరుసలో నిలబడితే చాలు. ముఖ్యమంత్రి బీమా పథకానికైతే రేషన్ కార్డులో పేరుండాలి. అందుకే కొత్త కోడలు వచ్చీరాగానే పుట్టింటి కార్డులో పేరు కొట్టించి ఇక్కడ ఎక్కించమని మా అత్తలు పోరుపెడతారు. దేశమే మారితే ఆ పేరెక్కించే పని ఎట్లా ఉంటుందో ఈ ఏడు మా ఇంట్లో తెలిసొచ్చింది.

మా చిన్నాన్న మనవరాలిని మెల్‌బోర్న్‌లో ఉన్న అబ్బాయికిచ్చాం. మనవాళ్ళే, కోవై వైపు వాళ్ళు. అతనికి అక్కడ పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది. అమ్మాయి విజిటర్ వీసా మీద వెళ్ళి, అక్కడ నుంచే పార్ట్‌నర్ వీసాకి అప్లికేషన్ పెట్టింది. ఆమె వీసాలో 8503 అనే షరతు లేదు కనక అది కుదిరింది. ఆ షరతు ఉంటే అక్కడే ఉండి ఇంకో వీసా అడగడానికి లేదు. టికెట్ కొనేముందు వీసా కాగితంలో ఆ అంకె ఉందా లేదా అని చూసుకోండి.

వీసా రాకముందే అమ్మాయికి నెల తప్పింది. ఇక ఇక్కడ అందరికీ నిద్ర లేదు. ప్రైవేటు ఇన్సూరెన్సు కొందామంటే కాన్పుకి మామూలుగా 12 నెలలు ఆగాలంటారు. కడుపులో బిడ్డ ఆగుతుందా?

చివరికి తెలిసిందేమంటే, అక్కడి సర్కారు వైద్యం, అంటే మెడికేర్, వీసా చేతికొచ్చేదాకా ఆగనక్కరలేదు. పార్ట్‌నర్ వీసాకి అప్లికేషన్ పెట్టి, ఆస్ట్రేలియాలోనే ఉంటూ, మొగుడు సిటిజనో పర్మనెంట్ రెసిడెంటో అయితే, ఎదురుచూసే కాలంలోనే పేరు నమోదు చేసుకోవచ్చు. పాస్‌పోర్టు, అప్లికేషన్ అందిందని వచ్చిన ఉత్తరం, పెళ్ళి సర్టిఫికెట్ చూపించారు. ఇచ్చే కార్డు నీలం రంగుది, గడువున్నది. పర్మనెంటు వాళ్ళది పచ్చ. గడువు దాటేలోపు మళ్ళీ పొడిగించుకోవాలి. ఈ కార్డుతో సర్కారు ఆసుపత్రిలో పరీక్షలూ కాన్పూ ఉచితమే. అంబులెన్సుకి మాత్రం మెడికేర్ కట్టదు, దానికి వేరే చందా కట్టుకున్నారు.

అందరికీ ఇట్లాగే అవుతుందనుకోకండి. పెళ్ళి కాకుండా, చేసుకోబోతున్నామని 300 వీసా మీద వెళ్ళినవాళ్ళకి, పెళ్ళయి పార్ట్‌నర్ వీసాకి అప్లికేషన్ పెట్టేదాకా మెడికేర్ లేదు. ఇక్కడే మన ఊళ్ళో కూర్చుని వీసా కోసం చూసేవాళ్ళకి అది ఎందుకూ పనికిరాదు. సంబంధం మాట్లాడేటప్పుడు జీతం, ఇల్లు అన్నీ అడుగుతాం గానీ, అమ్మాయి ఏ వీసాతో, ఎక్కడ నుంచి అప్లికేషన్ పెడుతుందని అడగం. నన్నడిగితే జాతకం కంటే ముందు అడగాల్సింది అదే.

ఇక తొలికాన్పు పుట్టింట్లో జరగాలని మా వదిన పట్టు. తరాలుగా జరుగుతున్న సంగతి, కాదనడం కష్టమే. అయితే విజిటర్ వీసా గడువు తీరాక అమ్మాయి ఉండేది బ్రిడ్జింగ్ వీసా 'ఏ' మీద. దాంతో దేశం దాటితే తిరిగి రావడానికి లేదు. ముందే 'బి' తీసుకోవాలి. ఇక్కడ కాన్పయితే ఆ ఖర్చుకి మెడికేర్ రాదు. పైగా తండ్రికి అక్కడ పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది కనక బిడ్డ అక్కడ పుడితే పుట్టుకతోనే సిటిజన్. ఇక్కడ పుడితే ఆ బిడ్డకీ వేరే వీసా అడగాలి. ఈ మాట వినగానే వదిన, "అయితే నేనే పోతాను, దాన్ని రానీయకండి" అంది.

వళైకాప్పు గాజులు, ప్రసవ లేహ్యం మూట కట్టారు. లేహ్యం సంగతి విమానం దిగాక కాగితంలో రాసి చూపించాలి, దాచితే జరిమానా. ఇండియాతో ఆస్ట్రేలియాకి వైద్యం ఒప్పందం లేదు కనక వదినకి ఇన్సూరెన్సు ఇక్కడే కొన్నాం.