శివారు పొలం

భాష అనగానే మనకు మాట్లాడే భాషే స్ఫురిస్తుంది. కంప్యూటరుకు పని అప్పగించడానికి మనిషి నిర్మించుకొన్న భాషలు కూడా ఉన్నాయి. వాటిని ప్రోగ్రామింగు భాషలంటారు. ప్రబంధాల మధ్య జీవితం గడిపిన నాకు వాటిని పరిచయం చేసినవారు నా పూర్వవిద్యార్థులే. అమలాపురంలో నా దగ్గర చదువుకొని దూరప్రాంతాలలో ఉద్యోగాలు చేస్తున్నవారు సంక్రాంతికి వచ్చినప్పుడు తమ పనిని గురించి చెబుతుంటారు. ఆ భాషలకూ వ్యాకరణం ఉంది. అందులో కొత్త నియమాన్ని చేర్చాలా వద్దా అనే వాదమూ ఉంది.

ఇటువంటి వాదం మన సీమకు కొత్తది కాదు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తుకు మూలపురుషుడైన జయంతి రామయ్య పంతులు కోనసీమలోని ముక్తేశ్వరంలో జన్మించారు. ఆయన గ్రాంథిక భాష పక్షాన నిలిస్తే, గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారిక భాష పక్షాన నిలిచారు. వాదించినవారు పండితులు, ఫలితాన్ని అనుభవించవలసినవాడు బడిలో వ్యాసం వ్రాసే బాలుడు.

1991లో గైడో వాన్ రోసమ్ లోకానికి అందించిన పైథాన్ అనే ప్రోగ్రామింగు భాషను చూడండి. అందులో పెద్ద మార్పు కోరేవారు ఒక ప్రతిపాదన వ్రాయాలి. ప్రయోజనమేమిటో, పాత ప్రోగ్రాములకు కలిగే ఇబ్బందేమిటో, వచ్చిన అభ్యంతరాలేమిటో అందులో వివరించాలి. 2007 నాటి ఒక ప్రతిపాదన మనకు సంబంధించినది. అంతవరకు ప్రోగ్రాములో పేర్లను ఇంగ్లీషు అక్షరాలతోనే పెట్టవలసి ఉండేది. ఇతర లిపులను కూడా అనుమతించాలని ఆ ప్రతిపాదన కోరింది.

ఒక దేశంవారు వ్రాసినది మరొక దేశంవారు చదవలేరని కొందరు అభ్యంతరం చెప్పారు. ఒకేలా కనిపించే అక్షరాలు భ్రమ కలిగిస్తాయన్నారు. అది నిజమే. మన అంకెలలోని సున్న, అక్షరం పక్కన వచ్చే సున్న కంటికి ఒకటే, కంప్యూటరుకు వేరు. అయినా ప్రతిపాదన ఆమోదం పొంది, 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ మూడవ రూపంలో చేరింది. ఆజ్ఞాపదాలు ఇంగ్లీషులోనే ఉన్నా, కొబ్బరి దింపు లెక్క వ్రాసే విద్యార్థి ‘కాయలు’, ‘ధర’ అని తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు.

అదే రూపంలో, ఫలితాన్ని తెరపై చూపించే ఆజ్ఞకు కుండలీకరణాలు తప్పనిసరి అయ్యాయి. మార్పు చిన్నదే. కాని ఇటువంటి మార్పుల వల్ల పాత ప్రోగ్రాములెన్నింటినో తిరిగి వ్రాయవలసివచ్చింది. పాత రూపానికి మద్దతు 2020 జనవరి 1 వరకు కొనసాగింది. 2018లో మరొక కొత్త గుర్తును చేర్చడంపై తీవ్ర వివాదం చెలరేగగా, గైడో తన తుది నిర్ణయాధికారాన్ని వదులుకొన్నారు. 2019లో ఐదుగురు సభ్యుల మండలి ఎన్నికైంది.

ఈ నిర్ణయాలు ఎందుకింత కష్టం? గోదావరి కాలువపై కొత్త తూము కావాలని ఎగువ రైతు అడుగుతాడు. అతని అవసరం నిజమైనదే. కాని శివారు పొలానికి నీరు అందుతుందా అని కూడా ఆలోచించాలి. భాషలో శివారు రైతు ఎవరు? ఎవరో వ్రాసినదాన్ని పదేళ్ల తరువాత చదివి సరిదిద్దవలసినవాడు; ఆ భాషను ఈరోజే నేర్వబోయేవాడు. వీరు నిర్ణయాలు జరిగే సభలో ఉండరు.

హైదరాబాదులో పనిచేసే నా శిష్యుడొకడు, తన ప్రోగ్రామును ఇతర రాష్ట్రాలవారు కూడా చదవాలి కనుక తెలుగు పేర్లు వాడనంటాడు. రాజోలు ప్రాంతంలో పిల్లలకు చదువు చెప్పే శిష్యురాలు, తెలుగు పేర్లతో మొదలుపెడితే వారికి బెరుకు పోతుందంటుంది. ఇద్దరి మాటా సత్యమే. ఆ సదుపాయం అతన్ని నిర్బంధించలేదు. ఆమె పిల్లలకు మాత్రం తలుపు తెరిచింది. అందుకే అది చేర్చదగినదని నా అభిప్రాయం.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఇటువంటి నిర్ణయాలు చేసే చోట ఉంటారు. కొత్తదని దేనినీ త్రోసిపుచ్చకండి. కొత్తదన్నంత మాత్రాన దేనినీ చేర్చుకోకండి. అడిగినవాని అవసరాన్ని విన్న తరువాత, అక్కడ లేనివాని సంగతి ఏమిటని కూడా విచారించండి.