ఎండకాలపు హైదరాబాదు: వేళ ఎరిగితే నగరమంతా నీడే

ఏప్రిల్ సగం దాటేసరికి హైదరాబాదు రెండు నగరాలుగా విడిపోతుంది. చల్లదనాన్ని వెల పెట్టి కొనుక్కోగలిగిన వారిది ఒకటి. రేకుల కప్పు కింద, రెండు గదుల్లో ఏడెనిమిది మంది సర్దుకుని బతికే వారిది మరొకటి. మొదటి నగరంలోని కుటుంబాలు ఊటీకో కాశ్మీరుకో ప్రయాణం కడతాయి. రెండో నగరంలోని పిల్లలు బడులకు సెలవులిచ్చిన నాటి నుంచి సెల్‌ఫోను తెరకు అతుక్కుపోతారు. తల్లి వంటింటి సెగలోనే ఉంటుంది. వృద్ధులు గుమ్మం దగ్గర విసనకర్రతో పొద్దు గడుపుతారు. "మౌలానా సాబ్! మా బోటివాళ్లం పిల్లలను ఎక్కడికి తీసుకుపోగలం? చేతిలో అంత సొమ్మెక్కడిది?" అని తండ్రులు అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు సమాధానం సుదూర ప్రాంతాలలో లేదు, మన నగరంలోనే ఉంది. సొమ్ము కన్నా ముందు కావలసింది వేళ తెలియడం. ఈ నగరాన్ని కట్టినవారికి ఎండ సంగతి బాగా తెలుసు. వారు మనకు విడిచి వెళ్లిన నీడను వాడుకోవడం మనమే మరచిపోయాము.

దినాన్ని విభజించుకోవడం

వేసవిలో విహారానికి మొదటి నియమం సమయపాలన. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు జుహ్ర్ నమాజును కాస్త చల్లబడే వరకు ఆలస్యం చేయమని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించిన సంగతి మనకు తెలిసినదే. ఆరాధన విషయంలోనే ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు, మిట్టమధ్యాహ్నం పిల్లలను వెంటబెట్టుకుని రోడ్ల మీద తిరగడం ఏ విధంగా వివేకమవుతుంది? ఫజ్ర్ నుంచి తొమ్మిది గంటల దాకా నడకకు, ఆటకు. ఆ తరువాత మధ్యాహ్నం దాకా గోడల నడుమ చూసే వింతలకు. జుహ్ర్ తరువాత ఇంటికి, కునుకుకు. అస్ర్ నుంచి ఇషా దాకా మళ్లీ ఆరుబయటకు. దినాన్ని ఈ నాలుగు భాగాలుగా చేసుకుంటే నలభై డిగ్రీలు దాటిన రోజున కూడా కుటుంబమంతా కాళ్లాడించి, కళ్లారా చూసి, హాయిగా ఇల్లు చేరవచ్చు. కింద చెప్పబోయే స్థలాలన్నీ ఒక్క రోజులో చుట్టివచ్చేందుకు కావు. వారానికి ఒకటి చొప్పున చూసినా సెలవులన్నీ నిండిపోతాయి.

తెల్లవారుజామున బాగ్-ఎ-ఆమ్

మే మాసంలో హైదరాబాదులో ఆరు గంటలలోపే సూర్యోదయమవుతుంది. ఫజ్ర్ నమాజు ముగించుకుని నిద్రకు తిరిగి ఒరగకుండా ఉన్నవారికి రెండు మూడు గంటల చల్లని సమయం ఉచితంగా దక్కుతుంది. నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌ను మన పెద్దలు బాగ్-ఎ-ఆమ్ అని పిలిచేవారు. అంటే సామాన్యుల తోట. ఆ పేరులోనే మన ప్రశ్నకు జవాబు ఉన్నది. పెద్ద పెద్ద చెట్లు, విశాలమైన బాటలు, తోటలోనే షాహీ మస్జిద్. ఫజ్ర్ నమాజు అక్కడే చేసుకుని, అక్కడి నుంచే నడక మొదలుపెట్టవచ్చు. పిల్లలను పరుగెత్తనివ్వండి. వృద్ధులు బెంచీల మీద కూర్చుని పక్షుల కూతలు వింటారు. తోట ఆవరణలోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో ఈజిప్టు దేశపు మమ్మీ ఒకటి ఉన్నది. ఫిరౌన్ గాథ విని పెరిగిన పిల్లలకు ఆ ప్రాచీన దేశపు మృతదేహాన్ని కళ్లారా చూడటం ఒక పాఠమే. రాజ్యం, ధనం, శిల్పం ఏవీ మనిషికి శాశ్వతం కాదని వేరే చెప్పనక్కరలేదు.

కోట గోడల నీడలో

గోల్కొండ కోటను వేసవిలో చూడాలంటే తలుపులు తెరిచిన వెంటనే లోపలికి వెళ్లాలి. ప్రవేశద్వారపు గుమ్మటం కింద నిలబడి ఒకరు చప్పట్లు చరిస్తే, ఆ ధ్వని కొండ మీది బాలాహిసార్‌లో వినిపిస్తుంది. తండ్రి కింద, పిల్లలు పైన ఉండి ఈ ఆట ఆడితే ఆ మూడున్నర వందలకు పైబడిన మెట్లు ఎక్కిన శ్రమ వారికి గుర్తుండదు. మెట్లెక్కలేని నానీ, దాదీలను కింది కమానుల దగ్గర కూర్చోబెట్టండి. ఆ రాతి గోడల మందం చూడండి. రాయి నెమ్మదిగా వేడెక్కుతుంది. పగటి ఎండ గోడను దాటి లోపలికి చేరేలోగానే పొద్దు వాలుతుంది. నేటి రేకుల కప్పు నిమిషాల్లో కాలిపోతుంది. ఈ తేడాను ఒక్క అరచేతితో గోడను తాకి పిల్లవాడు గ్రహించగలడు. చక్రాల సాయంతో, మట్టి గొట్టాల గుండా నీటిని అంచెలంచెలుగా కొండ పైకి ఎక్కించిన ఏర్పాటు ఆనవాళ్లు కూడా అక్కడ ఉన్నాయి.

కోటకు కూతవేటు దూరంలోనే కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణం. 1518 నుంచి 1687 వరకు గోల్కొండ నేలిన వంశం అక్కడ నిద్రిస్తున్నది. గుమ్మటాలకన్నా ముందు పిల్లలకు అక్కడి బడీ బావోలీని చూపించండి. బావోలీ అంటే మెట్లబావి. 2013 వర్షాలకు దాని గోడలో కొంత భాగం కూలిపోయింది. ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి దానిని తిరిగి నిలబెట్టాయి. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. మెట్లు దిగుతున్న కొద్దీ గాలి చల్లబడటం శరీరానికి తెలుస్తుంది. నేల లోతు, రాతి నీడ, నీటి ఆవిరి ఈ మూడూ కలిసి చేసే పని అది. సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావి కూడా ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి, శుభ్రపరచిన తరువాత 2022 డిసెంబరులో తిరిగి ప్రజల ముందుకు వచ్చింది. పూర్వికులు నీళ్లు దాచిన చోట మనం చెత్త పోశాము. ఈ ఒక్క మాట పిల్లలకు అక్కడే, ఆ మెట్ల మీదే చెప్పండి. ఇంట్లో చెబితే అంతగా నాటుకోదు.

ఎండ ముదిరినప్పుడు

పదకొండు గంటలయ్యేసరికి గోడల చాటుకు చేరాలి. మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో దీవాన్ దేవిడీలో ప్రారంభమై, 1968లో ప్రస్తుత భవనానికి తరలివచ్చింది. శుక్రవారం దానికి సెలవు. పిల్లలంతా సంగీత గడియారం దగ్గరకు పరుగు తీస్తారు. గంట గంటకు ఒక చిన్న గడ్డపు బొమ్మ బయటకు వచ్చి గంట కొట్టి లోపలికి పోవడం చూడటానికి పెద్దలూ గుమిగూడతారు. ఆ సందడి ముగిశాక పిల్లలను చేతిరాత ఖుర్ఆన్ ప్రతుల వద్దకు తీసుకువెళ్లండి. ముద్రణాలయాలు లేని కాలంలో ఒక్కొక్క అక్షరాన్ని వెదురు కలంతో దిద్దిన చేతుల ఓర్పు అక్కడ కనిపిస్తుంది.

మూసీ అవతల అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన సంస్థ అది. ఎత్తైన కప్పుల కింద తెలుగు, ఉర్దూ, అరబీ, పారశీ గ్రంథాలు ఒకే చోట కొలువుదీరాయి. బస్సు చార్జీ తప్ప వేరే ఖర్చు లేని మధ్యాహ్నం ఇంతకన్నా ఏముంటుంది? దానికి దగ్గరలోనే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉన్నది. 1908 సెప్టెంబరులో మూసీకి మహా వరద వచ్చినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టును చూసిన పిల్లవాడు మరెన్నడూ చెట్టు కొమ్మను ఊరకే విరవడు.

ఇంటి పట్టున గడిపే వేళ

జుహ్ర్ తరువాత ఇల్లు కదలవద్దు. కైలూలా, అంటే మధ్యాహ్నపు కునుకు, ప్రవక్త (స) సహచరులకు అలవాటు. నిద్ర లేచిన పిల్లల చేతికి ఫోను కాక వామనగుంటల పీట, పులి-మేక గీతలు, వెదురు కలం, సిరాబుడ్డి అందించండి. ఉర్దూ ఇళ్లలో ఒకప్పుడు బైత్‌బాజీ సాగేది. ఒకరు చదివిన కవితా పాదం ఏ అక్షరంతో ముగిస్తే, ఎదుటివారు ఆ అక్షరంతో మొదలయ్యే పాదం చదవాలి. తెలుగు పద్యాలతో కూడా ఈ ఆట చక్కగా నడుస్తుంది. రెండు భాషలూ తెలిసిన ఇంట్లో రెండూ కలిపి ఆడుకోండి. సీసాలలో అమ్మే రంగునీళ్లకు బదులు మజ్జిగ, రాగి అంబలి, మామిడికాయ షర్బత్, నానబెట్టిన సబ్జా గింజలు, తాటి ముంజలు ఉండనే ఉన్నాయి.

పొద్దు వాలిన తరువాత

అస్ర్ దాటాక గండిపేట గట్టు వైపు గాలి బాగుంటుంది. 1908 వరద మిగిల్చిన విషాదం తరువాత, మళ్లీ అటువంటి ముప్పు రాకూడదని కట్టిన జలాశయాలలో ఉస్మాన్‌సాగర్ ఒకటి. 1920లో అది పూర్తయింది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు విడిచిపోలేడని మనవారి సామెత. నీటి దగ్గర పిల్లలను కనిపెట్టుకుని ఉండాలి. చెరువులలో, రాతి క్వారీ గుంతలలో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న బాలుర వార్తలు ప్రతి వేసవిలోనూ చదువుతున్నాము. ఈత నేర్పదలచినవారు నగరపాలక సంస్థ ఏటా నడిపే వేసవి క్రీడా శిక్షణ శిబిరాలలో విచారించాలి. స్వల్ప రుసుముతో అక్కడ అనేక క్రీడలు నేర్పుతారు.

మగ్రిబ్ వేళకు మక్కా మస్జిద్ ప్రాంగణం చేరుకోండి. పావురాల గుంపులు, హౌజ్ నీళ్లు, ఎదురుగా 1591 నాటి చార్మినార్. పగలంతా ఇరుకు గదుల్లో నలిగిన మనసు అంత విశాలమైన ఆవరణలో ఒక్కసారిగా తేలికపడుతుంది. నమాజు తరువాత పిల్లల కోరిక మీద 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ దాకా వెళ్లి పండ్ల ఐస్‌క్రీమ్ తినిపిస్తే ఆ వారం విహారం సంపూర్ణమవుతుంది.

ఇంటిలో మిగిలిపోతున్నది ఎవరు?

స్థలాలను చెప్పడం సులువు. ఎవరిని తీసుకువెళుతున్నామన్నదే అసలు ప్రశ్న. మన వాడలలో పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లకు వేసవి సెలవులంటే ఇంటి పని పెరగడమే. తమ్ముడు క్రికెట్ బ్యాటు పట్టుకుని బయలుదేరుతాడు, అక్క పాత్రలు తోముతూ వాడి మాటలు వింటుంది. "అబ్బా, నేనూ రానా?" అని అడగడం కూడా కొన్నాళ్లకు మానేస్తుంది. ఆ మౌనాన్ని మనం బుద్ధిమంతురాలి లక్షణంగా మెచ్చుకుంటాము. దైవప్రవక్త (స) ప్రయాణంలో ఉండగా హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం పెట్టుకున్నారు. మొదట ఆమె గెలిచారు. కొంతకాలం తరువాత మరో పందెంలో ఆయన గెలిచి, అది దీనికి చెల్లు అని చమత్కరించారు. ఈ ఉదంతాన్ని మనం వేదికల మీద చెబుతాము, ఇంట్లో మాత్రం ఆచరించము. శరీరానికి మన మీద హక్కు ఉన్నదన్న ప్రవక్త (స) బోధ మగవారి శరీరాలకే పరిమితం కాదు. రోజంతా పొయ్యి ముందు నిలబడే స్త్రీకి తెల్లవారుజామున ఒక గంట నడక విలాసం కాదు, ఆమె హక్కు.

స్త్రీలను వెంట తీసుకువెళ్లేటప్పుడు మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నది, నమాజుకు మరుగు ఎక్కడ దొరుకుతుంది అన్నది ముందుగా విచారించుకోవడం తండ్రి బాధ్యత. ఒక జానమాజు, ఒక దుప్పటి, నీళ్ల సీసాలు, ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టెలు సంచిలో ఉంటే చాలా ఇబ్బందులు తప్పుతాయి. నీళ్లలో చిటికెడు ఉప్పు, కాస్త చక్కెర కలిపి ఉంచుకోండి. ఎవరికైనా తల తిరిగినా, వాంతి వచ్చినా వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి. ఒంటి వేడి విపరీతంగా పెరిగి, మాట తడబడితే అది వడదెబ్బ. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తరలించాలి.

చివరిగా ఒక మాట. మనం చల్లని వేళ చూసుకుని నడుస్తాము. వీధులూడ్చే తల్లికి, బండి లాగే కూలీకి, ఇంటింటికీ సరుకులు మోసే కుర్రవాడికి ఆ ఎంపిక లేదు. దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు పట్టిన స్త్రీకి అల్లాహ్ మన్నింపు లభించిందని హదీసులో విన్నాము. ఈ వేసవిలో మీ ఇంటి ముందో, మీ మస్జిద్ గుమ్మం వద్దో ఒక చలివేంద్రం పెట్టించండి. రెండు మట్టి కుండలు, మూతలు, ఒక గ్లాసు చాలు. ప్రతి ఉదయం ఆ కుండలు కడిగి నింపే పనిని పిల్లలకు అప్పగించండి. తెలవారకముందే లేవడానికి వారికి ఒక కారణం దొరుకుతుంది. మన దేహాలకు ఆరోగ్యాన్ని, మన ఇళ్లకు ఉల్లాసాన్ని, దాహార్తులకు మన చేతి మీదుగా నీటిని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.