పేచీ ఎక్కడుంది?

బందరు, గుడివాడ, అవనిగడ్డ కోర్టుల్లో ప్రోనోటు దావాలకు కొదవుండదు. మామూలు దావా ఒకటి అనుకుందాం. ప్రతివాది తన దగ్గర రెండు లక్షలు అప్పు తీసుకుని నోటు రాసిచ్చాడని, తీర్చలేదని వాది ప్లెయింటు వేస్తాడు. నోటు మీద సంతకం తనదే గానీ డబ్బు ముట్టలేదని, చీటీపాటకు హామీగా ఖాళీ నోటు మీద సంతకం పెట్టించుకున్నారని ప్రతివాది జవాబిస్తాడు. ఇక సాక్షుల్ని పిలిచేలోపు జడ్జిగారు ఒక పని చెయ్యాలి. తేలాల్సిన సంగతులేమిటో విడివిడిగా రాసిపెట్టాలి. ప్లీడర్ల భాషలో ఇది ఇష్యూలు ఫ్రేమ్ చెయ్యడం. సంతకం ఎవరిదన్నది ఇక్కడ ఇష్యూ కాదు, ఇద్దరూ ఒప్పుకున్నదే. డబ్బు చేతులు మారిందా లేదా? పేచీ అక్కడుంది.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 14వ ఆర్డరు దీనికి పెట్టిన గీటురాయి చాలా చిన్నది. కేసుకు కీలకమైన ఒక సంగతిని ఒకరు అవునని, రెండోవారు కాదని అన్నప్పుడే అది ఇష్యూ అవుతుంది. 8వ ఆర్డరు ఇంకా గట్టిది. ఎదుటివాడు మోపినదాన్ని స్పష్టంగా కాదనకపోతే మామూలుగా ఒప్పుకున్నట్టే లెక్క. డొంకతిరుగుడు జవాబులూ చెల్లవు. ఫలానా మొత్తం పుచ్చుకున్నావంటే 'అంత పుచ్చుకోలేదు' అని తప్పించుకోవడానికి లేదు. అసలు ఏమీ పుచ్చుకోలేదనైనా అనాలి, పుచ్చుకుంటే ఎంతో అయినా చెప్పాలి.

అమెరికాలో లా చదవాలంటే రాసే ఎల్‌శాట్‌లో ఈ గీటురాయే ఒక రకం ప్రశ్నగా వస్తుంది. ఇద్దరు మాట్లాడుకుంటారు; వాళ్లకు భేదం ఎక్కడొచ్చిందో ఐదు జవాబుల్లోంచి ఏరాలి. 2024 ఆగస్టు నుంచి ఆ పరీక్షలో పజిళ్ల విభాగం తీసేసి, లెక్కలోకొచ్చే లాజికల్ రీజనింగ్ విభాగాలను రెండు చేశారు. మన దేశంలో లా చదవాలంటే రాసే క్లాట్‌లోనూ 2020 నుంచి పేరా చదివి, అందులోని వాదనను తూచి జవాబు చెప్పాలి. చదివింది అర్థమైతే చాలదు. ఎవరు ఏమన్నారో, ఏమనలేదో కూడా పట్టుకోవాలి.

అలాంటి ప్రశ్నను బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు మాటల్లోకి దింపితే ఇలా ఉంటుంది.

"రొయ్యల చెరువులు తవ్వినప్పట్నించీ మన చేలు చౌడు బారిపోతన్నాయి బాబాయ్. కొత్త చెరువులకి పర్మిషన్లు ఆపాల్సిందే" అంటాడు అబ్బాయి.

"చౌడు బారిన మాట నిజమేరా. అది చెరువుల వల్ల కాదు. శివారుకి కాలవ నీళ్లు రావట్లేదు. సముద్రం పోటు మీదున్నప్పుడల్లా ఉప్పునీళ్లు డ్రెయిన్ల వెంట ఎగదన్నుతున్నాయి. చెరువులు ఆపితే కూలోళ్లకి పనెక్కడుంటది?" అంటాడు బాబాయి.

వీళ్లకు పేచీ ఎక్కడ? చేలు చౌడు బారాయన్న జవాబుకు గుర్తు పెట్టినవాడికి మార్కు పోయినట్టే. అందులో ఇద్దరిదీ ఒకే మాట. కూలీలకు పని పోతుందా అన్నది బాబాయి ఎత్తిన సంగతి. అబ్బాయి దాని గురించి నోరు విప్పలేదు, అడిగితే అవుననే అనొచ్చు. గట్టిగా ఊరించేది మూడోది: పర్మిషన్లు ఆపాలా వద్దా? అబ్బాయి ఆపాలన్నాడు. బాబాయి వద్దనే ధోరణిలో ఉన్నాడు గానీ ఆ మాట అనలేదు. నష్టం ఒకటుందని మాత్రం చూపించాడు. నష్టమున్నా ఆపక తప్పదనేవాళ్లు లోకంలో ఉంటారు. చౌడుకు కారణం చెరువులేనా అన్నచోట మాత్రం ఒకరు అవునని, ఒకరు కాదని తేటగా తలపడ్డారు. జవాబు అదే.

ఇంతకంటే విలువైన సంగతి ఇంకొకటుంది. పేచీ ఇదని తెలిసిన మరుక్షణం దాన్ని తేల్చే దారి కూడా కనిపిస్తుంది. పోటు వేళ డ్రెయిన్ నీళ్లలో ఉప్పెంతో కొలవొచ్చు. చెరువు గట్టు పక్క చేలోనూ, చెరువులే లేనిచోట చేలోనూ మట్టి తీసి పరీక్ష చేయించొచ్చు. రెండూ కారణాలేనని తేలినా తేలొచ్చు. కూలీల బతుకు సంగతి దాని లెక్కన అది మాట్లాడుకోవాల్సిందే, కానీ మట్టి పరీక్షకు దానితో పనిలేదు. ఊళ్లో రచ్చబండ మీద ఈ రెండూ కలిసిపోయే సాయంత్రమంతా వృథా అవుతుంది.

అవనిగడ్డ డీఎస్సీ కోచింగుకు పెట్టింది పేరు. పంతులు ఉద్యోగం కోసం ఎక్కడెక్కడి జిల్లాల వాళ్లో దివిసీమకు వచ్చి గదులు అద్దెకు తీసుకుంటారు. కానిస్టేబులుకో బ్యాంకుకో చదివేవాళ్లు మన ఊళ్లన్నిటా ఉన్నారు. వాళ్లు రీజనింగ్ పేరుతో ఎక్కువగా సాధన చేసేది రక్త సంబంధాలు, దిక్కులు, కోడింగ్, సంఖ్యా శ్రేణులు. వేగానికి అవి మంచివే. ఇద్దరి మాటలు పక్కపక్కన పెట్టి ఎక్కడ విడిపోయారో చూపించే సాధన కూడా వాటితో సమానంగా ఉండాలి. రేపు బళ్లో పాఠం చెప్పబోయేవాళ్లకు అది మరీ అవసరం.

కష్టమైన ప్రశ్న కావాలంటే దూరం వెళ్లక్కర్లేదు. బందరు హిందూ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన గోరా 1940లో ఉయ్యూరు దగ్గర ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. 1944లో సేవాగ్రామం వెళ్లి గాంధీజీని కలిశారు. ఆ సంభాషణలు 1951లో పుస్తకంగా వచ్చాయి. ఒకరు ఆస్తికులు, ఒకరు నాస్తికులు కాబట్టి పేచీ దేవుడున్నాడా లేడా అన్నదేనని తొందరపడి గుర్తు పెట్టేస్తారు. నమ్మకంలో తేడా ఉన్నమాట నిజమే. గోరా అక్కడ గట్టిగా నొక్కింది మాత్రం వేరు: మనుషులు కులాలూ మతాలూ మరిచి ఒకటవ్వాలంటే దైవ విశ్వాసం వదులుకోవాలని. గాంధీజీ అది ఒప్పుకోలేదు. అంటరానితనం పోవాలన్నచోట, పల్లెల్లో పని చెయ్యాలన్నచోట ఇద్దరికీ భేదమే లేదు.

గోరా తన కూతుర్ని దళిత యువకుడికి ఇచ్చి చెయ్యాలనుకున్నప్పుడు ఇదంతా పనికొచ్చింది. ఆ పెళ్లి సేవాగ్రామంలో జరగడానికి గాంధీజీ సమ్మతించారు. అడ్డొచ్చింది పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు ఒక్కటే. దాని బదులు సత్యం అనడానికి ఆయన ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత, 1948 మార్చిలో, ఆ పెళ్లి అక్కడే జరిగింది.