ఎస్పెలెట్ నుంచి నాన్నకు

జూయీ-ఆన్-జోజాస్,
28 అక్టోబరు 2025

నాన్నకు,

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని రాయడానికి ఈపూట చెయ్యి రావడం లేదు. మొంథా తుపాను ఈ రాత్రికి మచిలీపట్నం, కాకినాడ మధ్య తీరం దాటుతుందంటున్నారు. పొద్దున ఫోన్ చేస్తే రెండు మాటలకే లైను పోయింది. తీయాల్సిన పత్తి చేలో ఎంత ఉండిపోయిందో, మిరప చేలో నీళ్లు బయటికి పోతున్నాయో లేదో అడుగుదామనుకున్నాను. కరెంటు రాగానే అన్నయ్య చేత ఒక్క మెసేజ్ పెట్టించు.

పిల్లల బడికి ఈ వారం సెలవులు. జర్మనీలో మేముండే ష్టుట్‌గార్ట్ నుంచి కారులో బయల్దేరి, రైన్ నది దాటి ఫ్రాన్సులోకి వచ్చాం. పారిస్‌లో చిన్నదాని కోరిక ప్రకారం ఈఫిల్ టవర్ ఎక్కాం. ఆ ఫోటోలు అమ్మకి పంపాను. నీకు మాత్రం జూయీ అనే ఈ చిన్న ఊరి గురించి రాయాలి. వెర్సాయ్ రాజప్రాసాదానికి కొద్ది దూరంలోనే ఉంది. ఇక్కడ అచ్చుగుడ్డల మ్యూజియం ఒకటి చూశాం. చూస్తున్నంతసేపూ నువ్వు పక్కన ఉంటే బాగుండేదనిపించింది.

1600ల చివరికి మన తీరం నుంచి వచ్చే అద్దకం గుడ్డల కోసం ఫ్రాన్సులో గొప్పింటివాళ్లూ, మామూలువాళ్లూ ఎగబడ్డారట. ఎన్నిసార్లు ఉతికినా ఆ రంగు పోదు. పట్టు, ఉన్ని నేసేవాళ్లు మా పొట్ట కొడుతున్నారని మొరపెట్టుకున్నారు. 1686లో రాజు ఆ గుడ్డలు తేవడాన్నీ, వాటిని చూసి ఇక్కడ అద్దడాన్నీ నిషేధించాడు. 1759 దాకా ఆ నిషేధం నడిచింది. ఆ గుడ్డ ఒంటిమీద కనబడినా శిక్షే. అయినా జనం మానలేదు, దొంగచాటుగా తెచ్చుకుని కట్టుకున్నారు.

ఆ గుడ్డల ఎరుపు రంగుకి వాడే వేర్లలో మన నిజాంపట్నం వైపు చిరివేరుకి పెద్ద పేరు. డచ్చివాళ్లు 1606లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఆ రేవుకి వచ్చారంటే గుడ్డల కోసమే. గుడ్డని కరక్కాయ రసంలో, గేదెపాలలో నానబెట్టి ఆరబెడతారు. ఎరుపు ఎక్కడ రావాలో అక్కడ పటిక నీళ్లతో గీస్తారు. తర్వాత చిరివేరు వేసి మరిగిస్తే, పటిక తగిలినచోట రంగు పట్టుకుని నిలబడుతుంది, మిగతాచోట వదిలిపోతుంది. నూలుగుడ్డ మీద ఇలా అద్దే పద్ధతి అంతుపట్టక యూరపు చాలాకాలం తంటాలు పడింది.

కూర్దూ అనే జెస్యూట్ పాదరీ మన దక్షిణాది అద్దకం పనివాళ్లని అడిగి ఈ పద్ధతంతా తెలుసుకుని, 1742లో ఉత్తరంగా స్వదేశానికి రాసి పంపాడు. తెలుగు నేర్చుకుని తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి నిఘంటువు కూర్చిన మనిషే ఈయన. ఆ ఉత్తరం ఇక్కడ అచ్చయింది. చెప్పిన పనివాళ్ల పేర్లు మాత్రం నాకెక్కడా కనబడలేదు.

కొండవీడు కోట ఎక్కించినప్పుడు ఆ సీమ కొన్నేళ్లు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉందని చెప్పావు, గుర్తుందా? 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డ్ బందరు కోటని ఫ్రెంచివాళ్ల నుంచి పట్టుకున్నాడు. ఆ ఏడే ఇక్కడ నిషేధం తీసేశారు. మరుసటేడు, 1760లో, ఓబర్‌కాంఫ్ అనే జర్మన్ కుర్రాడు ఈ ఊళ్లో బియేవ్రు ఏటి పక్కన అద్దకం కర్మాగారం పెట్టాడు. చిరివేరు బదులు వీళ్లకి దొరికే మరో ఎర్రవేరు వాడాడు. 1843లో మూతపడేదాకా ఆ పని నడిచింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది పూలూ, లతలూ కాదు, గుడ్డ తాను చివర వేసిన ముద్ర. చేసినవాడి పేరు, ఊరి పేరు, రంగు గట్టిదన్న హామీ, అన్నీ గుడ్డ మీదే అచ్చేసి ఉన్నాయి. కర్మాగారం మూతపడి ఇన్నేళ్లయినా ఆ బాణీ గుడ్డని ప్రపంచమంతా జూయీ గుడ్డనే అంటోంది. మన తీరం నుంచి ఓడలకెక్కిన తానుల మీద నిజాంపట్నం పేరు వేసినట్టు నాకెక్కడా కనబడలేదు. పేరు లేనిచోట ధర అడిగే హక్కు కూడా జారిపోతుందని ఈరోజు బాగా అర్థమైంది.

నీ కూతురు

—

ఎస్పెలెట్,
30 అక్టోబరు 2025

నాన్నకు,

అన్నయ్య మెసేజ్ చూశాక గాని అన్నం సహించలేదు. ఇల్లు బాగుంది, అంతా బాగున్నారు, అది చాలు. నానిన పత్తి రంగు మారిందని రాశాడు. కూలి పెట్టి తీయించినా కొనేవాడు ఎంత కోస్తాడో నాకు తెలుసు. నువ్వు ఇంటి దగ్గర ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోకు.

మేము ఫ్రాన్సుకి నైరుతి మూల, స్పెయిన్ సరిహద్దు దగ్గరికి వచ్చాం. బాస్క్ జాతి వాళ్ల సీమ ఇది. పచ్చటి కొండలు, తెల్ల గోడలు, ఎర్ర కిటికీలు. ఈ ఊరికి రావడానికి కారణం మిరపకాయ. మన గుమ్మాలకి మామిడి తోరణాలు కట్టినట్టు, ఇక్కడ ఇళ్ల ముందు గోడలకి మిరపకాయల దండలు వేలాడదీశారు. అక్టోబరు చివరి శనాదివారాల్లో జరిగే మిరపకాయ పండుగ మేం వచ్చేసరికి అయిపోయింది. దండలు మాత్రం అలాగే ఉన్నాయి. పిల్లలు కారు దిగగానే, "తాతయ్య కాయలు!" అని అరిచారు.

ఒక రైతమ్మ పొలం చూపించింది. మాకు ఫ్రెంచి అంతంతమాత్రం, ఆమెకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా మొక్క దగ్గర కూర్చున్నాక మాటలకి ఇబ్బంది రాలేదు. చలి తగ్గకముందే గాజు పందిళ్లలో నారు పోస్తారు, మే నెలలో బోదెల మీద నాటుతారు. ఆగస్టు నుంచి మంచు పడేదాకా ఎర్రబడిన కాయని ఎర్రబడినట్టే చేత్తో కోస్తారు. మన దగ్గర నాటు పూర్తయ్యే కాలానికి వీళ్లకి కోత మొదలన్నమాట. గొరియా అనే ఒక్క రకమే వేయాలి. సొంత కాయల నుంచి విత్తనం కట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఆమె అది చెబుతుంటే, విత్తన ప్యాకెట్ల కోసం మీరు క్యూ కట్టిన ఏడు గుర్తొచ్చింది.

వీళ్లకి మన కల్లాల ఎండ లేదు. వానలెక్కువ. పొడి కొట్టాల్సిన కాయని కనీసం 15 రోజులు గాలాడేచోట మాగనిచ్చి, ఆపైన పొయ్యిలో ఆరబెట్టి దంచుతారు. పొడిని రుచి చూసే బృందం ఒకటుంది. రంగు, వాసన, రుచి సరిగా ఉన్నాయని వాళ్లు ఒప్పుకుంటేనే సీసా మీద ఎస్పెలెట్ పేరు పెట్టుకోవాలి. ఈ కట్టుబాటుకి 2000లో ఫ్రాన్సు ప్రభుత్వం, 2002లో యూరపు సమాఖ్య చట్టపు రక్షణ ఇచ్చాయి. ఈ ఊరితో కలిపి పది గ్రామాల్లో పండిన కాయకే ఆ పేరు. పదకొండో ఊళ్లో అదే విత్తనం వేసినా ఆ పేరుతో అమ్మడానికి లేదు.

రాత్రి అద్దె ఇంట్లో వాళ్ల పండుమిరపకాయలతో పచ్చడి నూరాను. చింతపండు, వెల్లుల్లి, మెంతిపిండి మా దగ్గరున్నవే. పెద్దోడు నెయ్యి లేకుండానే ముద్ద మీద ముద్ద తిన్నాడు! ఈ కాయ ఘాటు 4,000 స్కోవిల్ యూనిట్లు మించదు, మన గుంటూరు సన్నం 35,000 పైమాటే. కారానికి మనదే పైచేయి. కమ్మదనం, పండు వాసన వీళ్లవి. తక్కువ చేసి చూడాల్సిన కాయ కాదు.

ఇక ధర. 50 గ్రాముల పొడి సీసా ఏడు యూరోలు, అంటే మన 700 రూపాయల పైమాటే. ఈ ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోతే కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టింది. కిలో 118 రూపాయలు కూడా కాదు. ఎండుకాయ, సీసా పొడి ఒకటి కావని నాకు తెలుసు. ఇక్కడి కూలి, పన్నులు, అంగడి అద్దె అన్నీ అందులో ఉన్నాయి. అయినా ఆ రైతమ్మ తన ధర తానే రాసుకుంది. నువ్వు యార్డులో మిరప బస్తాలు దింపి, ఎవరో వచ్చి గుప్పెడు కాయ విరిచి చూసి చెప్పే ధర కోసం ఎదురుచూశావు. ఈ తేడా నన్ను నిద్రపోనివ్వలేదు.

నీ కూతురు

—

బయోన్,
1 నవంబరు 2025

నాన్నకు,

ఈరోజు వీళ్లకి పెద్దల్ని తలుచుకునే పండుగ. కొట్లు మూసేశారు, ఎక్కడ చూసినా సమాధుల మీద చామంతి కుండీలు. పిల్లలతో అదూర్ నది గట్టున నడిచి, మధ్యాహ్నమంతా ఈ ఉత్తరం గురించే ఆలోచించాను. రేపు తిరుగు ప్రయాణం.

మన కాయకి పేరు లేదని ఎవరన్నారు? లాం పరిశోధన కేంద్రం ఇచ్చిన 334 రకం పేరు పిల్లల నోళ్లలో కూడా ఉంటుంది. గుంటూరు మిర్చి అంటే దేశాలు దాటి తెలుసు. గుంటూరు సన్నానికి 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాగితం మీద ఎస్పెలెట్‌కి ఉన్నటువంటి హక్కే మనకీ ఉంది. ఆ గుర్తింపు బస్తా మీదికి రాలేదు, కోసిన చేతిదాకా రాలేదు. తేజ రకం, సన్నం, రంగు పోయిన తాలు కాయలు అన్నీ ఏ చేలో పండాయో ఎవరికీ తెలియకుండా ఒకే లారీలో కలిసి వెళ్లిపోతున్నాయి.

ఎస్పెలెట్ చాలా చిన్నది నాన్నా. అక్కడ పండించేది సుమారు 200 మంది రైతులు. మన జిల్లాల పంటంతా సీసాల్లో పట్టదు, అలా కలలు కనమని చెప్పను. కానీ ఒక ఊరు, అందులో పది కుటుంబాలు, ఇంటికో అరెకరం కాయ. ఆ మాత్రం చేయగలమా అన్నదే నా ప్రశ్న.

చట్టంలో దానికి దారి ఉంది. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం ప్రకారం, ఆ సరుకు పండించే రైతు అధీకృత వాడుకదారుగా పేరు నమోదు చేసుకోవచ్చు. అప్పుడు ఆ గుర్తు తన ప్యాకెట్ మీద వేసుకునే హక్కు రైతుదవుతుంది. దరఖాస్తు కాగితాలు ఇక్కడి నుంచే చూసి, నింపాల్సినవి తెలుగులో రాసి పంపుతాను. నువ్వు బాబాయితో, పక్క చేలవాళ్లతో మాట్లాడు. వేసిన మొక్క సన్నమేనని నిర్ధారణ కావాలంటే ఏం చేయాలో లాం వెళ్లి అడుగు. ఈ ఏడు ఆ అరెకరం కాయని వేరుగా కోయించి, నేల తగలకుండా పట్టాల మీద ఆరబెట్టి, తొడిమ తీయించి, తాలు వేరుచేయించు. కోతకి కర్నూలు వైపు నుంచి వచ్చే కూలీలకి ఈ కాయకి కూలి ఎక్కువ ఇవ్వాలి. ఏరడంలో వాళ్ల చేతి జాగ్రత్తే మన రుచి.

ఫిబ్రవరి చివర నేను సెలవు పెట్టుకుని వస్తాను. మనమే మర పట్టిద్దాం. ష్టుట్‌గార్ట్‌లో తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం, ఉగాదికి అందరం కలుస్తాం. మొదటి ప్యాకెట్లు కొనిపించే పూచీ నాది. ప్యాకెట్ మీద గుంటూరు సన్నం అని, కింద మన ఊరి పేరు, పండించిన రైతు పేరు, కోసిన నెల ఉండాలి. ధర మీరు పదిమందీ కూర్చుని నిర్ణయించాలి. అమ్ముడుపోకపోతే నష్టం నేను భరిస్తాను, ఆ విషయంలో మొహమాటపడకు.

తడిసిన పత్తి దిగులు ఈ ఉత్తరంతో తీరదని తెలుసు. పంట నష్టం రాసుకోవడానికి మనుషులు వస్తే సర్వే నంబర్లన్నీ రాయించు, కౌలు చేలవి కూడా. అమ్మకి, నాయనమ్మకి మా నమస్కారాలు. అరెకరం ఏ చేలో వదులుతావో ఆలోచించి, ఆదివారం ఫోన్లో చెప్పు.

నీ కూతురు