ఖని స్త్రీల రక్తహీనత: మార్కు సువార్త అయిదో అధ్యాయం వెలుగులో

మార్కు సువార్త అయిదో అధ్యాయంలో ఇద్దరి కథలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడిన స్త్రీ ఒకరు, పన్నెండేళ్లకే చనిపోయిన యాయీరు కూతురు మరొకరు. మొదటి స్త్రీ స్వస్థత పొందిన తీరు తరచుగా ప్రసంగాలలో వినిపిస్తుంది గానీ, లేచిన బాలికకు తినడానికి ఏమైనా పెట్టమని యేసు ఇంటివారికి చెప్పిన చివరి మాట దగ్గర ఆగే బోధకులు తక్కువ. బొగ్గు గనుల ఊరైన గోదావరిఖనిలో స్త్రీల హార్మోను సమస్యలు చూసే వైద్యునికి ఈ రెండు కథలూ ఒకే కేసుగా కనిపిస్తాయి.

బొగ్గుబాయి కార్మికుని ఇంట్లో పొయ్యి వెలిగే వేళను షిఫ్టు నిర్ణయిస్తుంది. ఫస్ట్ షిఫ్టుకు తెల్లవారకముందే సద్ది కట్టాలి. సెకండ్ షిఫ్టుకు వెళ్లిన మనిషి అర్ధరాత్రికి గాని ఇల్లు చేరడు. నైట్ షిఫ్టు వారంలో పగలంతా పిల్లలను సద్దు చేయనీయకుండా చూసుకోవాలి. భర్త తిన్నాకే తినే అలవాటున్న ఇల్లాలు షిఫ్టు మారినప్పుడల్లా తన ఆకలి వేళను కూడా మార్చుకుని, మధ్యలో వచ్చే ఆకలిని చాయ్‌తో ఆపుతుంది. భోజనానికి దగ్గరగా తాగిన చాయ్‌లోని టానిన్లు అనే పదార్థాలు ఆకుకూరల్లోని ఇనుమును పట్టుకుని, దానిని పేగులు పీల్చుకోకుండా అడ్డుపడతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది.

అయితే తిండి లోపం కథలో సగమే. ఈ ప్రాంతపు ఓపీలలో పదేపదే ఎదురయ్యే రోగి ముప్పై అయిదు, నలభై ఏళ్ల మధ్య స్త్రీ: నెలసరి పది రోజులు సాగుతుంది, మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, ఒళ్లు బరువెక్కడం, హిమోగ్లోబిన్ ఏడో ఎనిమిదో. హార్మోన్లు అంటే రక్తంలో కలిసి దూరపు అవయవాలకు ఆదేశాలు మోసే రసాయనాలు కాగా, గొంతు ముందు భాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి మందగించినప్పుడు అండం విడుదల తప్పి, గర్భాశయపు లోపలి పొర అదుపు లేకుండా పెరిగి, అధికంగా స్రవిస్తుంది. నెలకు 80 మిల్లీలీటర్లకు మించి రక్తం పోతే దానిని అధిక రుతుస్రావంగా లెక్కిస్తారు. ఆ మేరకు పోయినా సుమారు 40 మిల్లీగ్రాముల ఇనుము వెళ్లిపోతుంది. మామూలు భోజనం నుంచి దేహం రోజుకు గ్రహించగలిగేది ఒకటి రెండు మిల్లీగ్రాములే, అందులోనూ చాలా భాగం నిత్య నష్టాలకే పోతుంది. అందువల్ల థైరాయిడ్ సంగతి చూడకుండా ఇనుము మాత్రలు మాత్రమే రాసి పంపడం చిల్లికుండలో నీళ్లు పోయడం వంటిది. థైరాయిడ్ మాత్ర, ఇనుము మాత్ర కలిపి మింగినా ఫలితం తగ్గుతుంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకున్నాక ఇనుము మాత్రకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

రక్తస్రావపు స్త్రీ అనేకమంది వైద్యుల చేతుల్లో పడి, ఉన్నదంతా ఖర్చుచేసి, మరింత సంకటపడిందని మార్కు రాశాడు. వైద్యుడని పేరున్న లూకా తన సువార్తలో ఆ మరింత సంకటపడిన సంగతి చెప్పలేదు. తోటివారి పరువు కాపాడాడేమో. వైద్యులు మాత్రం మార్కు చెప్పినట్టే చదువుకోవడం మంచిది. పైన చెప్పిన జాతీయ సర్వేలోనే తెలంగాణ స్త్రీలలో నూటికి సుమారు 8 మందికి గర్భసంచి తొలగించినట్టు తేలగా, దేశమంతటికీ ఆ లెక్క 3 మాత్రమే. అండాశయాలనూ తీసివేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోయి, నలభైలలోనే ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది. అత్యవసరం కాని సందర్భంలో థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ పరీక్ష అయినా చేయించకుండా గర్భసంచి తీసేయమనడం వైద్యం అనిపించుకోదు.

ఇక సంఘం వైపు నుంచి చూడవలసినవి రెండు విషయాలు. నెలసరిలో ఉన్నప్పుడు ప్రభు బల్లకు వెనకాడే స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. లేవీయకాండపు అశుచి నియమాన్ని దాటి వచ్చి తాకిన స్త్రీని యేసు గద్దించలేదు, కుమారీ అని పిలిచాడు. ఆ సంగతి తెలిసీ సిగ్గు పోనందువల్ల స్రావం మొదలైన కొన్నేళ్లకు గాని వారు డాక్టరు ముందుకు రారు. రెండోది ఉపవాసం. శ్రమదినాలు నలభై, ఆపైన ఉపవాస కూటములు. పగలంతా నీళ్లు కూడా ముట్టకుండా సాయంత్రం ఒక్కపూట అన్నం నిండుగా తింటే చక్కెరతో పాటు ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగుస్తుంది. జనం నీటిబుడగలు అని పిలిచే పీసీఓఎస్‌లో ఆ బుడగలు నిజానికి ఎదుగుదల ఆగిపోయిన అండపు సంచులు; ఎగిసిన ఇన్సులిన్ అండాశయాన్ని పురుష హార్మోన్ల వైపు నెట్టినప్పుడు అవి అక్కడే నిలిచిపోతాయి. బక్కపలచని ఇంటర్ విద్యార్థినిలో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది: చాలినంత తిండి అందదని గ్రహించిన మెదడు నెలసరినే ఆపేస్తుంది. ఉపవాసమని థైరాయిడ్ మాత్ర ఒకరోజు మానితే పెద్ద ప్రమాదం లేదు, నలభై రోజులు మానితే ఉంది. పిల్లలు లేరని ఉపవాసముండే స్త్రీకి హన్నా కథ గుర్తు చేయవలసి వస్తుంది. ఏడ్చి తిండి మానిన హన్నా, ప్రార్థన ముగిశాక భోజనం చేసింది.

విశ్వాసం వదలకుండానే పళ్లెం మార్చవచ్చు. వారానికి రెండుసార్లు కోడి కార్జం, పెద్దకూర తినే ఇళ్లలో దానిలోని ఇనుము ఆకుకూరల ఇనుముకన్నా సులువుగా వంటబడుతుంది. అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయాన్ని బట్టి నల్ల (వండిన రక్తం) ముట్టనివారికి కార్జం విషయంలో ఆ అభ్యంతరం లేదు. తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకుని, చాయ్‌ని భోజనానికి గంట దూరం పెడితే చాలు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి కట్టడమే కరువులో కూలీలకు అన్నం పెట్టిన పని. తిండి గురించి ఆలోచించడం తెలంగాణ సంఘానికి కొత్త పాఠం కాదు.

గర్భిణులు, చక్కెర మాత్రలు వేసుకునేవారు, హిమోగ్లోబిన్ పదికి తక్కువ ఉన్నవారు ఉపవాసం ఉండనక్కరలేదని, ఒక పూట భోజనం ఖర్చును ఆకలిగొన్నవారికి ఇచ్చినా అది యెషయా యాభై ఎనిమిదో అధ్యాయం కోరిన ఉపవాసమేనని, రాబోయే భస్మ బుధవారం నాడు పాస్టర్లు వేదిక మీది నుంచే ప్రకటించాలి.