కోటగుమ్మం దగ్గర పటాల కొట్టు

రాజమహేంద్రవరంలో దిగినవారు ముందు గోదావరి చూస్తారు. ఈమారు నేను మాత్రం గతించిన మా నాన్నగారి ఫొటో చేతిసంచీలో పెట్టుకుని, తిన్నగా కోటగుమ్మం దగ్గరి సందులో ఉన్న స్టూడియోకు పోయాను. మాకు మిగిలిందదొక్కటే. చెమ్మకు అద్దానికి అతుక్కుపోయింది.

"లాగకండి మాస్టారూ! ముఖం అద్దంతో వచ్చేస్తుంది" అన్నారు ముసలి ఫొటోగ్రాఫరు. అద్దంలో నీడలు పడకుండా నల్లగుడ్డ అడ్డుకట్టి, పక్కవెలుతురులో అద్దంతో సహా ఫొటో తీశారు.

పెళ్ళి ఫొటోలు ఆయన జీవనం. అయినా తెల్లవారకముందే రేవుకు పోయి పడవలను తీయనిదే ఆయనకు తోచదట. చట్రాలూ సొంతచేతులతోనే. టేకు బద్దెలు 45 డిగ్రీల వాలున కోసి మూలలు కలిపారు. కొత్త ప్రతి చుట్టూ అట్ట అంచు వేశారు; అద్దానికీ బొమ్మకూ నడుమ గాలి ఆడాలట. మా పాత పటం కట్టినవారికి ఆ సంగతి తట్టలేదు కాబోలు!

ఇంట్లో అమ్మ పటం చూసి, "ఆయన ఇంత చిన్నవారా!" అంది.