కిలోమీటరు దూరంలో మంచు చిరుత

మన సంఘంలో కొండలెక్కే సరదా ఉన్నవాళ్ళు ఈ పదేళ్ళలో బాగా పెరిగారు. ఒకప్పుడు శనివారం వచ్చిందంటే పేకాటో, వీడియో క్యాసెట్టో. ఇప్పుడు తెల్లవారుజామున అయిదింటికే బూట్లు బిగించి రాకీ పర్వతాల దారి పడుతున్నారు. కొలరాడోలో పధ్నాలుగు వేల అడుగులు దాటిన శిఖరాలు యాభైకి పైగా ఉన్నాయి, కాబట్టి మన ఊళ్ళో ఆ సరదాకి కొదవ లేదు. ఇండియా వెళ్ళినప్పుడు హిమాలయాల్లో కూడా నాలుగు రోజులు నడిచి రావాలని ముచ్చటపడే కుటుంబాలు నాకు తెలిసే అరడజను ఉన్నాయి. వాళ్ళందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మీరు మంచు చిరుతను చూశారట గదా, ఎంత దగ్గరగా చూశారు?" కిలోమీటరు దూరం నుంచి అని చెప్పగానే వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. ఆ కిలోమీటరు గురించే ఈ నాలుగు మాటలు.

నేను వెళ్ళింది 2024 ఫిబ్రవరిలో. తోడుగా హైదరాబాదు నుంచి మా మేనల్లుడు వచ్చాడు. వాడి దగ్గర చిన్న ఫిరంగి అంత కెమెరా లెన్సు ఉంది. దాని ధర ఎంతో వాళ్ళమ్మకి ఇప్పటికీ తెలియదు. మేము బయలుదేరడానికి కొద్ది రోజుల ముందే, జనవరి 30న, మన దేశంలో మంచు చిరుతల మొదటి లెక్క వెలువడింది. 2019 నుంచి 2023 దాకా కొండలన్నీ గాలించి, కెమెరాలు పెట్టి తేల్చిన సంఖ్య 718. అందులో 477 ఒక్క లడఖ్‌లోనే ఉన్నాయి. ఉత్తరాఖండ్‌లో 124, హిమాచల్‌లో 51, మిగతావి అరుణాచల్, సిక్కిం, జమ్మూ కాశ్మీరుల్లో. అన్ని కొండలకి ఈ 718 ఎంత తక్కువో అక్కడికి వెళ్ళి నిలబడితేగాని తెలియదు.

ఈ జంతువును చూడలేకపోవడానికి కూడా ఒక చరిత్ర ఉంది. జార్జి షాలర్ అనే శాస్త్రవేత్త 1970లో పాకిస్తాన్‌లోని చిత్రాల్ కొండల్లో దీన్ని ఫోటో తీశాడు. ఆయనతోనే 1973లో నేపాల్‌లోని డోల్పోకి నడిచి వెళ్ళిన పీటర్ మాథీసెన్, 'ది స్నో లెపర్డ్' అని దాని పేరునే పుస్తకం రాశాడు, 1978లో అచ్చయింది. అందులో ఆయనకి మంచు చిరుత కనబడనే కనబడదు. మా అమ్మాయి ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, "నాన్నా, ముందు ఇది చదివి వెళ్ళండి, ఆశలు తగ్గుతాయి" అంది.

విమానం లేహ్‌లో దిగితే అప్పటికే పదకొండు వేల అడుగుల పైన ఉన్నట్టు. మనం డెన్వర్ వాళ్ళం, ఎత్తులు మనకి అలవాటే అనుకోవద్దు. అక్కడి ఎత్తు దీనికి రెండింతల పైనే. రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకోవలసిందే. డయామాక్స్ మాత్రల సంగతి ముందే మీ డాక్టరుని అడగండి. మూడో రోజు సింధు నది దాటి జింగ్చెన్ దాకా జీపులో వెళ్ళి, అక్కణ్ణించి గడ్డకట్టిన వాగు వెంబడి నడిచి రుంబక్ చేరాం. హెమిస్ జాతీయ వనంలో ఉన్న ఊరు అది. పదో పరకో ఇళ్ళుంటాయి, అంతే. 1981లో ఆ వనాన్ని ఏర్పాటు చేసినప్పుడు ఊళ్ళు ఊళ్ళుగానే లోపల ఉండిపోయాయి. కనుక అక్కడ మనుషులూ మేకలూ చిరుతలూ ఒకే లోయలో బతకాలి.

మేము దిగింది హోటల్లో కాదు, ఒక ఇంట్లో. ఆ ఇంటి పెద్దావిడని అందరూ 'ఆమాలే' అంటారు, అంటే మన 'అమ్మగారు' లాంటి పిలుపు. మేమూ అలాగే పిలిచాం. రాత్రి చలి సున్నాకి ఇరవై డిగ్రీలు కింద, గది మధ్యలో పేడ పిడకలతో మండే ఇనప పొయ్యి, పక్కన ఉప్పూ వెన్నా వేసి చిలికిన టీ. వాళ్ళు తినే వేపిన యవల పిండి చూస్తే నాకు తొలి ఏకాదశి పేలపిండి గుర్తొచ్చింది. బెల్లం అడిగితే నవ్వారు. మేము తీసుకెళ్ళిన గోంగూర పచ్చడి నూనెతో సహా రాయిలా గడ్డకట్టింది. పొయ్యి మీద పెట్టి కరిగించి పెడితే ఆమాలే ఒక వేలితో రుచి చూసి, ఆపైన సీసా మొత్తం తన దగ్గరే ఉంచేసుకుంది.

ఇక వెతకడం. ఇది నడుస్తూ చూసే జంతువు కాదు, ఒకచోట కూచుని చూసే జంతువు. మా గైడు ఆ ఊరి కుర్రాడే, ఆమాలేకి అక్క కొడుకు. పొద్దున్నే గుట్ట మీద స్టాండు నిలబెట్టి, దాని మీద స్పాటింగ్ స్కోపు బిగించి, ఎదుటి కొండని ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి, పొలం దున్నినట్టు చాలు చాలుగా చూస్తాడు. రంగూ మచ్చలూ అచ్చం రాయిలాగే ఉంటాయి కాబట్టి చిరుత కోసం చూసి లాభం లేదు. భరల్ అనే కొండ గొర్రెల మంద ఎటు తల తిప్పి నిలబడిందో, బొంతకాకులు ఎక్కడ వాలుతున్నాయో చూస్తాడు. వంగిన బండల కింద వాసన పట్టి, "రాత్రి ఇక్కడ మూత్రం కొట్టి పోయింది" అంటాడు. దారి పక్కన వెనక కాళ్ళతో గీకిన గుర్తులు చూపిస్తాడు. జనవరి నుంచి మార్చి దాకా జతకట్టే కాలం కనుక అవి ఇలా గుర్తులు పెడుతూ, అరుస్తూ తిరుగుతాయి. మంచుకి భరల్‌లు కిందికి దిగితే వాటి వెంట ఇవీ దిగుతాయి. అందుకే ఎముకలు కొరికే ఆ చలిలోనే వెళ్ళాలి. నాలుగు రోజులు మాకు గుర్తులు తప్ప ఇంకేమీ కనబడలేదు.

మూడో రాత్రి ఆమాలే తన దొడ్డి సంగతి చెప్పింది. ఆవిడ మాటలు గైడు హిందీలోకి మార్చి చెప్పేవాడు. చాలా ఏళ్ళ కిందట, దొడ్డికి కప్పు లేని రోజుల్లో, ఒక్క రాత్రిలో పదకొండు గొర్రెలూ మేకలూ పోయాయట. చిరుతకి వాటిలో ఒకటి చాలు. కానీ మూసిన దొడ్డిలో అది దూకితే పారిపోయే దారి లేక మంద గిరగిరా తిరుగుతుంది. కదిలినదాన్నల్లా అది పట్టుకుంటుంది. వాళ్ళ మామగారి కాలంలో అయితే తెల్లారేసరికి ఊరంతా చేరి దాన్ని దొడ్డిలోనే రాళ్ళతో కొట్టి చంపేవారట. అలాంటివి ఆపడానికే ఈ శతాబ్దం మొదట్లో స్నో లెపర్డ్ కన్సర్వెన్సీ అనే సంస్థ రుంబక్‌లో ఈ ఇళ్ళ బస ఏర్పాటు మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళని వంతుల ప్రకారం ఇంటింటికీ పంపుతారు. దొడ్లకి పైన ఇనప వల, గట్టి తలుపు కూడా అలాగే వచ్చాయి. వల ఇచ్చింది బయటివాళ్ళు, రాయీ కష్టమూ ఊరివాళ్ళవి. చిరుత బతికుంటేనే అతిథి వస్తాడు, అతిథి వస్తే గొర్రె పోయిన నష్టం కొంత పూడుతుంది. లెక్క ఇంతే.

మీ దేశంలో ఇలాంటివి లేవా అని ఆవిడ అడిగితే మన కొలరాడో తోడేళ్ళ కథ చెప్పాను. 2020లో ఓట్లు వేసి తోడేళ్ళని మళ్ళీ తేవాలని తీర్మానించుకున్నాం, 2023 డిసెంబరులో పది తోడేళ్ళని వదిలారు, పశువు పోతే పదిహేను వేల డాలర్ల దాకా పరిహారం ఇస్తారు అన్నాను. పరిహారం మాట విని కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత, "ఓట్లు వేసినవాళ్ళకి గొర్రెలున్నాయా?" అని అడిగింది. ఎక్కువ మందికి లేవనీ, ఓటు వేసిన నాకూ లేవనీ చెప్పాను. ఆవిడ టీ పోసింది.

ఆ మాట నన్ను తిన్నగా మా కర్నూలు వైపు లాక్కెళ్ళింది. మా ఊరికి దగ్గర్లోనే, రోళ్ళపాడులో, 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెట్టారు. మీటరు ఎత్తుండే పిట్ట, గడ్డి మైదానాల్లో తిరుగుతుంది. పిట్టకి రక్షణ వచ్చింది, దాంతోపాటు కృష్ణ జింకలు పెరిగాయి, పెరిగి మావాళ్ళ శనగ చేలమీద పడ్డాయి. రాత్రిళ్ళు చేలో కాపలా పడుకున్న మా చిన్నాయన జింకనీ, పిట్టనీ, అడవి శాఖనీ కలిపి ఒకే తిట్టు తిట్టేవాడు. పిట్టని చూడ్డానికి దూరం నుంచి వచ్చినవాళ్ళు చూసి, కారెక్కి వెళ్ళిపోయేవారు. మా ఊళ్ళో టీ తాగినవాళ్ళు కూడా తక్కువ. ఈనాడు ఆ పిట్ట కనబడి ఏళ్ళు గడిచాయంటారు మావాళ్ళు. కాలవలూ, పంటల మార్పూ, వేటా, కరెంటు తీగలూ, బట్టమేక పిట్ట దేశమంతటా తరిగిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ దాన్ని తమది అనుకున్నవాడు మా ఊళ్ళో ఒక్కడు కూడా లేకపోవడం నా కళ్ళారా చూసిన సంగతి.

అయిదో రోజు పొద్దున ఎనిమిదింటికి గైడు స్కోపు దగ్గర నుంచి కదలకుండా చెయ్యి ఒక్కటే ఊపాడు. ఎదుటి కొండ మీద, ఒక రాతి పగులు కింద, చచ్చి పడిన భరల్ పొట్టేలు. దాని వెనక పడుకుని మంచు చిరుత. మూతికీ ఛాతీకీ నెత్తురు. మీటరు పొడుగు తోకని కాళ్ళ మీద దుప్పటిలా కప్పుకుంది. పైన గడ్డం రాబందు ఒకటి చుట్లు తిరుగుతోంది. నా చేతులు వణికాయి, చలికి మాత్రం కాదు.

మా అల్లుడు లెన్సు బిగించి చూసి నిట్టూర్చాడు. "మామా, బియ్యపు గింజంత పడుతోంది. ఆ వాగు దాటి పైకెక్కితే మూడొందల మీటర్లకి పోతాం. మళ్ళీ ఎప్పుడొస్తాం మనం?" నేను నోరు తెరిచేలోపే గైడు అందుకున్నాడు. చిరుతకి వారం పది రోజులకొక పెద్ద వేట దొరికితే గొప్ప. ఇంత పొట్టేలుంటే మూడు నాలుగు రోజులు దాన్ని వదలదు, ఆ నాలుగు రోజులూ ఊరి మేకలకి భయం లేదు. మనం పైకెక్కితే వదిలేసి పోతుంది, ఆకలితోనే పోతుంది. "ఆ తర్వాత అది వెతుక్కునేది మా పిన్ని మేకల్ని సాబ్" అన్నాడు. మా వాడు అలిగి కాసేపు బండ మీద కూచున్నాడు. కానీ తర్వాత స్కోపు దగ్గర చేరినవాణ్ణి లేపడం నా వల్ల కాలేదు. అది ఆవలించడం, పక్క మార్చడం, కాకిని పంజాతో అదిలించడం, అన్నీ వంతులేసుకుని ఆరు గంటలు చూశాం.

మధ్యాహ్నం మూడింటికి వేరే జట్టులోని నలుగురు అటువైపు వాలు ఎక్కడం కనబడింది. మా గైడు ఈల వేశాడు, చేతులూపాడు. వాళ్ళు ఆగలేదు. చిరుత తలెత్తింది, చెవులు వెనక్కి పెట్టి చాలాసేపు కిందికే చూసింది. తర్వాత లేచి, పరుగెత్తకుండా, బండల మీదుగా పైకి నడుచుకుంటూ శిఖరం అంచు దాటిపోయింది. వాళ్ళకి దాని వీపు ఫోటో దొరికిందని తర్వాత విన్నాం. చీకటి పడేదాకా కాచుకున్నాం, మర్నాడు పొద్దునా చూశాం. తిరిగి రాలేదు. పొట్టేలు నక్కకీ కాకులకీ రాబందుకీ పోయింది.

సంగతి విన్న ఆమాలే ఎవర్నీ ఏమీ అనలేదు. తన దొడ్డికి వల ఉంది. లోయలో ఇంకోచోట ఉన్న చెల్లెలి దొడ్డికి మాత్రం కప్పు సగమే పడింది. చిన్న కొడుక్కి టార్చి ఇచ్చి, రాత్రి అక్కడే పడుకోమని ఆ చలిలో పంపింది. తను పొయ్యి పక్కనే కూచుంది. కుక్క మొరిగినప్పుడల్లా లేచి తలుపు దాకా వెళ్ళి వచ్చేది. నాకూ నిద్ర పట్టలేదు. తెల్లారాక కుర్రాడు వచ్చాడు. మేకలన్నీ ఉన్నాయి. ఆవిడ అప్పుడు పడుకుంది.

వెళ్ళాలనుకునేవారికి నాకు తోచిన మాటలు కొన్ని. తీసుకెళ్ళే కంపెనీవాళ్ళని ముందు గైడుది ఏ ఊరో, రాత్రిళ్ళు ఎవరింట్లో ఉంచుతారో అడగండి. చిరుతని తప్పకుండా చూపిస్తామనేవాళ్ళనీ, డ్రోన్ ఎగరేస్తామనేవాళ్ళనీ వదిలేయండి. మంచి స్కోపు ఉన్న గైడు దొరికితే మీ కెమెరా ఎంత చిన్నదైనా ఫరవాలేదు. కనబడిన చోటు గుర్తులు ఫోన్లలో పంచకండి. బిస్కట్ కాగితం దగ్గర నుంచి మిగిలిన అన్నం దాకా తిరిగి లేహ్‌కి తెచ్చేయండి. మనం పారేసిన తిండి తిని పెరిగిన ఊరకుక్కలు అక్కడ గుంపులు కట్టి అడవి జంతువులని తరుముతున్నాయి. చిన్నపిల్లలతో ఫిబ్రవరిలో వద్దు, జులై ఆగస్టుల్లో వెళ్ళండి. చిరుత కనబడే ఆశ తక్కువేగాని, కన్నాల ముందు నిలబడి ఈల వేసే మార్మోట్లు పిల్లలకి తెగ నచ్చుతాయి. వాటికి చిప్స్ పెట్టి ఫోటోలు దిగే అలవాటొకటి అక్కడ ప్రబలింది, ఆ పని మాత్రం చెయ్యనివ్వకండి.

మా అల్లుడు తీసిన ఫోటో సంపాదకులకి ఇచ్చాను, ఈ పేజీలో వేస్తామన్నారు. కుడివైపు పగులు కింద, ముందు తోక కోసం వెతకండి. ముసలి కళ్ళవాళ్ళు భూతద్దం తెచ్చుకోవడం మంచిది.